ఆకు వీడని నిమ్మకాయ

మా ముత్తాత రంగప్ప నాయకరు. ఆయన కొడుకు వీరప్ప నాయకరు. వీరప్ప నాయకరి కొడుకు, మా నాన్న, గోపాల నాయకరు. తమిళనాట చిన్నమనూరుకు పడమరగా, కొబ్బరితోటల నడుమ ఉన్న మా ఊళ్ళో, ఈ ముగ్గురి ముందు వరసగా తాంబాళం పెట్టకుండా పెరుమాళ్ళ తేరు కదిలేది కాదు. మొదటి మర్యాద మాది. తేరు మోకును మొదట తాకే చెయ్యి మాది. పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పడానికి ఇంట్లో పంతులును పెట్టుకున్న కుటుంబం ఆ చుట్టుపక్కల మాదొక్కటే. మిగతావాళ్ళందరూ తెలుగు మాట్లాడుకుని తమిళం రాసుకునేవారు. ఇదంతా గొప్ప చెప్పుకోవడానికి రాయడం లేదు. ఇప్పుడు మా స్థానం ఏమిటో నాకు తెలుసు. తిరునాళ్ళలో రెండో వరస ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది?

ఈ ఏడాది తిరునాళ్ళ రెండో రోజు సాయంత్రం ఆ కుర్చీలోనే ఉన్నాను. గుడి ముందు స్టేజి వేశారు. మదురై నుంచి పెద్ద సౌండు సెట్టు తెప్పించారు. మధ్యాహ్నం పడిన వానకు నేల ఇంకా తడిగానే ఉంది. వేడెక్కిన వైరు వాసన నా ముక్కుకు తగిలింది. దాని వెనకే స్పీకర్లలోంచి ఒక సన్నని రొద, ఎవరో పెదవులు బిగించి ఒకే స్వరం పట్టుకుని కూర్చున్నట్టు. పక్కవాళ్ళకు అది వినిపించి ఉండదు. నా జీవితమంతా మైకుసెట్ల పనే కాబట్టి నాకు వినిపించింది. ఎర్తు, అంటే కరెంటును నేలలోకి దించే వైరు, సరిగా కట్టని సెట్టు అలాగే మూలుగుతుంది. ఆ మూలుగు ఎక్కడ విన్నా, నాకు ఈ పని నేర్పిన రుక్మిణక్క గొంతు కూడా వినిపిస్తుంది. "దొరా, అది పాడటం లే, ఏడుస్తాండాది. పొయ్యి చూడు."

నేను లేవబోతుండగా స్టేజి మీద క్విజ్ మొదలైంది. మదురై నుంచి వచ్చిన యాంకరమ్మ విదేశీ రాక్ సంగీతం గురించి ఒక ప్రశ్న అడిగింది. ఒక పేరుమోసిన బృందం తమ ఒప్పందంలో ఒక షరతు రాయించేదట. గదిలో గిన్నె నిండా రంగురంగుల చాక్లెట్ బిళ్ళలు పెట్టాలి, గోధుమరంగువి మాత్రం ఒక్కటీ ఉండకూడదు. ఎందుకు? ఆ రంగు పడదనా, దేవుడి మొక్కా, లేక తిమురా? తిమురంటే మా వైపు పొగరు. జనమంతా ఒక్క గొంతుతో "తిమురు!" అని అరిచారు. "కరెక్ట్!" అంది ఆవిడ. గట్టిగా అరిచిన అమ్మాయికి టిఫిన్ డబ్బా ఇచ్చింది.

అంతటితో ఆగినా బాగుండేది. కమిటీ అధ్యక్షుడు మైకు అందుకున్నాడు. వాళ్ళ తాత మా కొబ్బరితోటకు కాపలా ఉండేవాడు. అది తప్పని కాదు, ఉండేవాడు. "ఆ తిమురు మనకేమి కొత్తనాప్పా?" అన్నాడు. "మన అరమనవాళ్ళ నిమ్మకాయ మరిచిపోయినారా? ఆకు లేకపోతే తేరు నిలబెట్టేసినారు కదా!" అరమనవాళ్ళంటే మేమే. జనం మళ్ళీ నవ్వారు. మా ముందు వరసలో వాళ్ళు వెనక్కి తిరిగి నా ముఖం చూసి మరీ నవ్వారు. నా వెన్ను నిటారుగానే ఉంది. దాన్ని వంచడం నాకు రాదు.  ఆ జవాబు తప్పు. రెండు జవాబులూ తప్పే. వాటిలో మొదటిది తప్పని చెప్పినదీ, రెండోది ఎందుకు తప్పో నా చేతే చెప్పించినదీ ఒకే మనిషి. ఆమె గురించి ఈ ఊళ్ళో ఇవాళ ఎవరికీ ఏమీ తెలియదు. "పండు రుక్మిణి" అన్న ఎకసెక్కం మాత్రం గుర్తుంది.

రుక్మిణక్క కోయంబత్తూరు పిల్ల. మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే వీధిలో పుట్టి, పెళ్ళికి ముందు ఒక పంపుసెట్ల వర్కుషాపులో మోటారు కాయిళ్ళు చుట్టేది. యజమాని తమ్ముడికి విదేశీ సంగీతం పిచ్చి. రోజంతా టేపులు మోగించేవాడు, పాత కాగితాల అంగట్లో తూకానికి దొరికే ఇంగ్లీషు పత్రికలు కొని తెచ్చేవాడు. అతను చదివి పారేసినవాటిని ఈమె ఏరుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్కొక్క మాటా కూడబలుక్కుని, తనకు నచ్చిన సంగతులు ఒక పొడుగాటి నోటుపుస్తకంలో రాసుకునేది. భాష తెలుగు, అక్షరాలు తమిళం. పాటల గురించి అందులో ఒక్క ముక్క లేదు. ఆ పాటలు కట్టినవాళ్ళు, ఆ ఉత్సవాలు నడిపినవాళ్ళు ఏమి చేశారు, ఎలా చేశారు, ఎక్కడ తప్పారు, అంతే. తరవాత చిన్నమనూరులో మైకుసెట్టు నడిపే ఆయనను పెళ్ళి చేసుకుని వచ్చింది, పత్రికలు ఏరుకునే అలవాటు ఇక్కడా మానలేదు. పిల్లలు లేరు. ఆయన పోయినప్పుడు, ఈమె సామానంతా అమ్మి పుట్టింటికి వెళ్ళిపోతుందని అందరూ అనుకున్నారు. కర్మలు ముగిసే పదహారో రోజు దాటగానే చీర కుచ్చిళ్ళు పైకి దోపి, నిచ్చెనెక్కి, హారన్ స్పీకర్లు తనే కట్టింది.

నేను ఆమె దగ్గరికి వెళ్ళేనాటికి మా నాన్న లేరు, పొలం లేదు, బి.కాం.లో ఒక పేపరు మిగిలిపోయింది. ఒకప్పుడు మా గడపలో చేతులు కట్టుకు నిలబడినవాళ్ళ అంగళ్ళలో పని చెయ్యనని ఇంట్లో భీష్మించుకుని కూర్చున్నాను. రుక్మిణక్కకు ఒప్పందాల ఉత్తరాలు రాసేవాడు కావాలని తెలిసింది. ఇస్త్రీ చొక్కాతో వెళ్ళి, రాతపని మాత్రమే చేస్తానని ముందే చెప్పాను. ఆమె కాయిలు చుడుతూ తల ఎత్తకుండానే అడిగింది.

"వైరు ముట్టుకోవా?"

"మా ఇంట్లో ఎవరూ ఇంతవరకూ..."

"మీ ఇంట్లో ఎవురూ ఏమి చేయలేదో నాకు లిస్టు వద్దప్పా. నీకు ఏమి వచ్చునో చెప్పు."

"ఇంగ్లీషులో ఉత్తరం రాయడం వచ్చు."

"శరి. అప్పురం?"

అప్పురం, అంటే ఆ తరవాత చెప్పడానికి, ఏమీ లేదు. నా ముఖం చూసి ఆమెకు జాలి వేసిందో, విసుగే వేసిందో, చుట్టడం ఆపింది. "ఒక గిటారువాడు ఉండాడు. లోకమంతా పేరు. వాడి గిటారు అంగట్లో కొన్నది కాదు. ఎవురింట్లోనో పాత పొయ్యికి చుట్టూ కట్టిన చెక్క ఉంటే, దాన్ని పీకి తెచ్చి, నాయనా కొడుకూ కూర్చోని చెక్కుకొన్నారు. ఇప్పటికీ దాన్నే వాయిస్తాడు. ఆ నాయన గూడా 'మా ఇంట్లో ఎవురూ ఉలి పట్టలే' అని చెప్పింటే ఏమయ్యింటాది?"

"ఏమయ్యేది?"

"పొయ్యి అయ్యింటాది. ఈ చివర పట్టుకో దొరా."

వైరు చివర నా చేతిలో ఉంది. అప్పటికి కోపం వచ్చింది. ఆ కోపంతోనే పట్టుకున్నాను. సాయంత్రానికి చొక్కా నల్లబడింది. మర్నాడు ఇస్త్రీ లేని చొక్కా వేసుకు వెళ్ళాను. ఆమె చూసి, రెండో చివర కూడా నా చేతికే ఇచ్చింది. తరవాత కొన్ని నెలలకు నా మిగిలిపోయిన పేపరు సంగతి తెలిసినప్పుడు మాత్రం మళ్ళీ అదే గిటారువాడిని బయటికి లాగింది. అతను కుర్రతనంలో ఆకాశంలో ఉండే దుమ్ము గురించి పరిశోధన మొదలుపెట్టి, పాటల కోసం నడుమ వదిలేశాడట. ముప్పై ఏళ్ళ తరవాత తల నెరిశాక మళ్ళీ వెళ్ళి పూర్తి చేసి, డాక్టరు పట్టా తెచ్చుకున్నాడట. "వాడికి దుమ్ము కోసం అంత మరియాద. నీకు మిగిలింది ఒక్క పేపరే కదప్పా?" అంది. ఆ ఏడాదే రాశాను. ప్యాసయ్యాను. మా ఇంట్లో ఎవరూ పాయసం వండలేదు. ఆమె వండింది, ఉప్పు ఎక్కువైంది. ఎర్తు గొయ్యిలో పోయడానికి తెచ్చిన కల్లుప్పు డబ్బాను చక్కెర డబ్బా అనుకుందట.

ఆమె చెప్పే ప్రతి వింత సంగతీ ఇలాగే వచ్చి ఏదో ఒక పని మీద వాలేది. విదేశంలో ఒక పాడిరైతు తన పొలంలో సంగీత ఉత్సవం పెట్టి, టిక్కెట్టు కొన్నవాళ్ళందరికీ తన ఆవుల పాలు ఉచితంగా పోశాడని చెబితే, ఆ మర్నాటి నుంచి మా ఒప్పందంలో ఒక వాక్యం చేరింది: జనం కూర్చునే చోట మంచినీళ్ళ తొట్టి ఉండాలి. కమిటీలవాళ్ళు మండిపడేవారు. "నువ్వు మైకు కడతావా, ఊరు ఏలతావా?" అనేవారు. "దాహంతో ఉన్నోడికి పాట చెవికి ఎక్కదు" అనేది. ఒక ఆడమనిషి షరతు పెడితే అది పొగరు. అదే షరతు పెద్ద ఊరి కాంట్రాక్టరు పెడితే అనుభవం. ఈ తేడాను నేను ఆమె పక్కన నిలబడి ఏళ్ళ తరబడి చూశాను. ఇప్పటికీ నాకు మింగుడు పడదు.

ఒకరోజు ఒప్పందం రాయిస్తూ ఆమె నడుమ ఒక విచిత్రమైన వాక్యం చెప్పింది. "మైకు బల్ల మీద ఒక ఎర్ర అరటిపండు ఉండాల. ఒకటే. ఎర్రదే." దానికి పైన ఎర్తు గొయ్యి ఎంత లోతు తవ్వాలో ఉంది. దానికి కింద స్టేజి కాళ్ళు ఎంత దూరంలో ఉండాలో ఉంది. నేను కలం ఆపాను.

"ఇదేమిటక్కా? మనమేమైనా పెళ్ళివారమా?"

"రాయప్పా. అప్పురం చెప్తా."

అప్పుడు చెప్పింది ఆ చాక్లెట్ బిళ్ళల సంగతి. ఆ బృందం సామాను లారీలకు లారీలు. ఒప్పందం పుస్తకమంత లావు. స్టేజి ఎంత బరువు మోయాలి, కరెంటు ఎంత రావాలి, తలుపులు ఎంత వెడల్పు ఉండాలి, అన్నీ అందులో ఉంటాయి. వాటి నడుమ ఎక్కడో ఈ బిళ్ళల మాట దాచిపెడతారు. "పోగానే గిన్నె చూస్తారు. గోధుమ బిళ్ళ కనిపించిందా, ఈ ఊరోళ్ళు కాగితం చదవలే అని తెలిసిపోతాది. అప్పురం బోల్టు బోల్టూ తామే చూసుకొంటారు. ఒక ఊళ్ళో చదవకుండా స్టేజి ఏసినారు. బరువుకు కొత్త నేల దిగిపొయ్యింది. పేపర్లోళ్ళు ఏమి రాసినారో తెలుసునా? బిళ్ళల కోసం కోపమొచ్చి అంతా పగలగొట్టినారని!" ఆమె నవ్వలేదు. "చూసుకొనేవాడికి ఎప్పుడూ తిమురనే పేరు."

ఆ ఎర్ర అరటిపండు మా కొంప ముంచింది. దిండిగల్ దారిలో ఒక ఊరు. అమ్మవారి తిరునాళ్ళు, చిన్నపిల్లల నాట్యం. మధ్యాహ్నం మేము చేరేసరికి బల్ల మీద పండు లేదు. అడిగితే కమిటీ పెద్ద నవ్వుతూ పచ్చటి పళ్ళ గెల ఒకటి తెచ్చి పెట్టించాడు. "ఒకటి అడిగినారు, నూరు తెచ్చినాము. తినండమ్మా." రుక్మిణక్క ఆ గెల వైపు చూడనే లేదు. చీర దోపి స్టేజి కిందికి దూరింది. ఎర్తు వైరు ఏ గొయ్యిలోకీ వెళ్ళలేదు. ట్యూబులైట్ల ఆర్చి ఇనప కాలికి చుట్టి ఉంది, కరెంటు లీకైతే ఆ ఇనుమంతా షాకు కొడుతుంది. ఆ ఆర్చి కింద నుంచే పిల్లలు గజ్జెలు కట్టుకుని స్టేజి ఎక్కాలి. ఆమె మెయిన్ దగ్గరికి వెళ్ళి ఫ్యూజు ఊడబెరికి కొంగున ముడి వేసుకుంది.

"గొయ్యి తవ్వండి. బొగ్గు, ఉప్పు, నీళ్ళు. అయినాక ఇస్తా."

"ముఖ్య అతిథి వచ్చేసినారమ్మా! ఒక పండు కోసం ఇంత రగడనా?"

"పండు కోసం కాదప్పా."

"మరెందుకు? ఆడదానికి ఇంత తిమురు పనికిరాదు చెప్తాండా."

"పనికిరాకపోతే పోనీ. ముందు గొయ్యి."

గొయ్యి తవ్వేసరికి దీపాలు పెట్టే వేళయింది. ముఖ్య అతిథి అలిగి వెళ్ళిపోయాడు. పిల్లలు ఆడారు, తల్లులు మురిసిపోయారు. ఎవరికీ ఏమీ కాలేదు. అదే మా నేరమైంది. "ఏమయ్యింది? ఏమీ కాలేదు కదా? సుమ్మా, ఊరికే రగడ చేసింది" అని ఊరూరా చెప్పారు. మరుసటి ఏడు వాళ్ళు వేరే సెట్టు పెట్టుకున్నారు. అప్పుడూ ఏమీ కాలేదు. జరిగిన ప్రమాదానికి ఒక గుర్తు మిగులుతుంది, గోడ మీద మసో, కాలికి కట్టో. ఆమె ఆపిన ప్రమాదాలకు ఏ గుర్తూ లేదు. మిగిలింది పండు రుక్మిణి అన్న పేరు. కంబం నుంచి తిరుమంగళం దాకా ఆ పేరు మాకంటే ముందే చేరేది. ఒక్కొక్క ఊరూ మమ్మల్ని వదిలేసింది.

ఆ పిల్లల నాట్యం జరిగిన మర్నాడు పొద్దున రుక్మిణక్క షెడ్డులో నేను కుతకుతలాడుతున్నాను. ఆమెకంటే నాకే ఎక్కువ అవమానంగా ఉంది. "మా కుటుంబం ముందు ఇలా మాట్లాడగలిగేవాళ్ళా?" అని మొదలుపెట్టి మా నిమ్మకాయ సంగతి చెప్పాను. తేరు కదిలే ముందు మా ముత్తాత ముందు పెట్టే తాంబాళంలో పండిన నిమ్మపళ్ళతో పాటు ఒక పచ్చికాయ ఉండాలి, దానికి ఆకు వీడకుండా ఉండాలి. ఉత్సవానికి ఆయన రాయించిన ఉత్తరువులోనే ఆ మాట ఉంది. ఒక ఏడాది ఆకు లేని కాయ పెట్టారు. ఆయన తాంబాళం తాకకుండా వెనక్కి తిరిగారు. పొద్దు వాలేదాకా తేరు నిలిచిపోయింది. ఊరంతా చేతులు కట్టుకు నిలబడింది. "అదీ మర్యాదంటే" అన్నాను. మా అవ్వ ఈ కథ చెప్పినప్పుడల్లా నా చిన్ననాటి ఛాతీ పొంగేది. ఆ రోజూ పొంగింది.

"వెనక్కి తిరిగి ఏడికి పొయ్యినాడు?" అంది రుక్మిణక్క.

"ఇంటికే అయ్యుంటుంది."

"అయ్యుంటాదా? అవ్వ ఏమి చెప్పింది, సరిగా జ్ఞాపకం చేసుకో."

జ్ఞాపకం చేసుకున్నాను. కథ చివర అవ్వ ఎప్పుడూ ఒక మాట నవ్వుతూ, కొంచెం సిగ్గుపడుతూ అనేది: ఆ సాయంత్రం ఆయన పట్టుపంచె నిండా ఆముదం మరకలతో ఇల్లు చేరారట. చాకలి ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదట. దొర పంచెకు ఆముదం ఎలా అంటిందో మా ఇంట్లో ఎవరూ అడగలేదు. అడగదగిన విషయంగా ఎవరికీ తోచలేదు.

కాయిలు చుట్టే చెయ్యి ఆగింది. "తేరు ఇరుసుకు ఏమి పూస్తారప్పా?"

"ఆముదం."

నా నోటితోనే వచ్చింది ఆ మాట. ఆమె మళ్ళీ చుట్టడం మొదలుపెట్టింది.  ఆకు లేని కాయ చూసి, ఉత్తరువు ఎవరూ చదవలేదని తెలుసుకుని, ఆయన తేరు కిందికి దూరారు. ఇరుసు చూశారు, మోకు చూశారు, తేరును నిలపడానికి చక్రాల కింద వేసే చెక్కదిమ్మలు చూశారు. పొద్దు వాలేదాకా పట్టింది అందుకే. ఆయన చేసిన పని పొగరని ఊరు అనుకుంది. మర్యాదని మేము అనుకున్నాము. ఊరు తన తప్పును నవ్వుతూ మోసింది. మేము మా తప్పును తలపాగాలా పెట్టుకున్నాము.

అక్కడితో ఆగలేదు. మా నాన్న హయాం గుర్తొచ్చి చెప్పక తప్పలేదు. ఆయన కాలంలో నిమ్మకాయ ఏ ఏడాదీ తప్పలేదు. దొరకు కావలసింది అదొక్కటేనని ఊరికి తెలిసిపోయింది కాబట్టి, మిగిలినవి ఎలా ఉన్నా ఆకు వీడని కాయ మాత్రం ఎక్కడెక్కడో వెతికి తెచ్చేవారు. నాన్న దాన్ని చూసి తల పంకించేవారు. తేరు కదిలేది. నాకు పదహారేళ్ళప్పుడు వీధి మలుపులో ఒక చెక్కదిమ్మ చీలిపోయింది. తేరు ఒరిగింది. దిమ్మ వేస్తున్న వడ్రంగి కాలు చక్రం కింద పడింది. మోకాలి దాకా తీసేశారు. ఆ సాయంత్రం మా నాన్న వరండాలో కూర్చుని అన్న మాట నేను మరిచిపోలేదు: "నిమ్మకాయ సరిగ్గానే పెట్టారు కదా!"

రుక్మిణక్క కాయిలు పక్కన పెట్టింది. "ఆ ఉత్తరువు ఉండాదా రంగప్పా?" అంది. పరిహాసం లేనప్పుడు మాత్రమే ఆమె నన్ను, మా ముత్తాత నుంచి వచ్చిన నా పేరుతో పిలిచేది.

"ఉంది. ముత్తాత పెట్టెలో."

"నువ్వు చదివినావా?"

చదవలేదు. తిరునాళ్ళ ముందురోజు నాన్న దాన్ని పెట్టెలోంచి తీసి, నిమ్మకాయ వాక్యం ఒక్కటే పైకి చదివి, మళ్ళీ మడిచి పెట్టేవారు. తెలుగు అక్షరాలు మా ఇంట్లోనే ఉన్నాయని అంత చెప్పుకునే మేము, తెలుగులో రాసిన ఆ కాగితాన్ని చివరిదాకా చదవలేదు. తమిళ అక్షరాలతో తెలుగు రాసుకున్న ఈమె, తనది కాని భాషలో, తనది కాని సంగీతం గురించి అచ్చయిన ప్రతి ముక్కా చదివింది. "తీసుకరా. చదువుదాము. ఊళ్ళో అందురికీ వినిపిద్దాము. నీ ముత్తాతకూ నాకూ ఇద్దురికీ పడిన తిమురు పేరు తుడుచుకొనిపోతాది" అంది. తెస్తానన్నాను. ఆ తరవాత ప్రతి తిరునాళ్ళకూ అడిగేది. ప్రతిసారీ పెట్టె అటక మీద ఉందనో, తాళం చెవి దొరకలేదనో చెప్పేవాణ్ణి.

ఆమె చివరి పని మా ఊరికి దగ్గరలోనే ఒక చిన్న భజన. అప్పటికి మాకు పెద్ద తిరునాళ్ళు రావడం మానేశాయి. వాన పడి జనం లేచిపోయారు, ముసలివాళ్ళు కొందరే మిగిలారు. నేను సామాను సర్దబోయాను. "ఉండు" అంది. ఒక పెద్ద ఉత్సవంలో చివరి గిటారువాడి వంతు మూడు రోజులు దాటి సోమవారం పొద్దునకు వచ్చిందని, అప్పటికి లక్షల జనం వెళ్ళిపోయి, మిగిలినవాళ్ళు బురదలో చుట్టలు చుట్టుకుని పడి ఉన్నారని, అయినా అతను ఒక్క తీగ తగ్గించకుండా వాయించాడని చెప్పింది. ఆ ముసలివాళ్ళ కోసం కూర్చుని చివరి పాట దాకా తాళాల మోత తగ్గించి, గొంతు పెంచి, వెంట్రుకవాసి తేడాలు దిద్దుతూనే ఉంది. ఆ ఏడాదే జబ్బుపడింది. మదురై ఆసుపత్రిలో నేను పక్కన కూర్చుంటే, నోటుపుస్తకం నా ఒళ్ళో పెట్టి, "ఆ కాగితం తెచ్చినావా?" అని అడిగింది. రేపు తెస్తానన్నాను. ఆ రేపటికి ఆమె లేదు.

ఈ ఏడాది మా ఊరి తిరునాళ్ళకు సౌండు పని నేనే అడిగాను. ఒప్పందంలో ఎర్ర అరటిపండు ఉందని చూసి కమిటీ నవ్వి, మదురై సెట్టును పిలిచి, నాకు కుర్చీ వేసింది. ఆ కుర్చీలోంచి, ఆ నవ్వుల నడుమ లేచి స్టేజి వెనక్కి వెళ్ళాను. సౌండు మిషను దగ్గర ముప్పై ఏళ్ళ మనిషి ఒకడు ఫోను చూసుకుంటున్నాడు.

"తమ్ముడూ, ఎర్తు ఎక్కడ కట్టావు?"

"అంతా డిజిటల్ సార్. ఒణ్ణుమ్ ఆగాదు." ఏమీ కాదని భరోసా ఇచ్చాడు. "మీరు యారు సార్?"

"అరమన రంగప్ప."

"ఓ, ఆ నిమ్మకాయ..." నవ్వు ఆపుకున్నాడు. పైన కోలాటానికి అమ్మాయిలు వట్టికాళ్ళతో తడి చెక్కల మీద వరస కడుతున్నారు. నేను తెల్లపంచెతోనే బురదలో మోకాళ్ళ మీద వంగి స్టేజి కిందికి దూరాను. ఎర్తు వైరు స్టేజి ఇనప కాలికి చుట్టి ఉంది. పక్కనే మెయిన్ వైరు తొడుగు చిట్లి అదే కాలికి ఒరుసుకుంటోంది. అతన్ని కిందికి పిలిచి వేలితో చూపించాను. నవ్వు పోయింది. పరిగెత్తి కరెంటు తీశాడు. ఇద్దరం కలిసి వైరు మార్చాము, గొయ్యి తవ్వి, కడ్డీ దించి, ప్రసాదాల వంటవాళ్ళ దగ్గర ఉప్పు అడిగి తెచ్చి పోశాము. దీపాలు ఆరినందుకు జనం ఈలలు వేశారు. మళ్ళీ వెలిగాక స్పీకర్లలో ఆ మూలుగు లేదు. కోలాటం జరిగింది. ఎవరికీ ఏమీ కాలేదు.

తిరిగి వస్తుంటే అధ్యక్షుడు ఎదురుపడ్డాడు. "ఏమి మామా, కరెంటు తీసింది మీరేనంట? పంచెంతా బురద?"

"నిమ్మకాయ చూసి వస్తాండా" అన్నాను.

అతనికి అర్థం కాలేదు. అక్కడే నిలబెట్టి అంతా చెప్పాను, చాక్లెట్ బిళ్ళలూ, ఎర్ర అరటిపండూ, ఆముదం మరకా, మా నాన్న అన్న మాట కూడా. కోపంతోనే చెప్పాను. అతను చెడ్డవాడు కాడు. చివరిదాకా విన్నాడు. సౌండు మనిషి వచ్చి ఆ చిట్లిన వైరు ముక్క అతని చేతిలో పెట్టాడు. దాన్ని కాసేపు తిప్పి చూశాడు.

"ఆ ఉత్తరువు ఉంటే తీసుకరండి మామా. గుడి గోడకు రాతిలో చెక్కిస్తాము. ముత్తాత పేరుతోనే. వచ్చే ఏడు నుంచి తేరుకు అదే లిస్టు, అట్లే పాటిద్దాము. మీ రుక్మిణక్క పేరు గూడా కింద వేయిస్తాము."

రుక్మిణక్క నోటుపుస్తకం ఇప్పుడూ నా దగ్గరే ఉంది. నా ఒప్పందాల్లో ఎర్ర అరటిపండు ఇప్పుడూ రాస్తాను. ఎక్కడ సెట్టు కట్టినా ముందు మోకాళ్ళ మీద వంగుతాను. కానీ అధ్యక్షుడు అడిగిన కాగితం నేను ఇవ్వలేను.

రుక్మిణక్క దగ్గర చేరడానికి ముందు వేసవిలో, మా ముత్తాత టేకు పెట్టెను కారైకుడి నుంచి వచ్చిన పాతసామాను వ్యాపారికి నేనే అమ్మాను. లోపలి కాగితాలు తీసుకుంటారా అని అతను రెండుసార్లు అడిగాడు. అక్కర్లేదన్నాను.